మిట్టమధ్యాహ్నం వీడియో తీసేటోళ్లకు: కెమెరా ముందు పెట్టే నల్ల అద్దం సంగతి

మొన్న నేను పెట్టిన ద్రాక్ష కోత వీడియో చూసి చాలామంది ఒకటే అడిగిండ్రు. "అన్నా, అంత ఎండల తీసినవు, మా వీడియోలు తెల్లగ పేలిపోతయి, చేతులు టకటక కొట్టుకుంటయి, నీది మెత్తగ ఎట్ల వచ్చింది?" అని. కామెంట్లలో ఒక్కొక్కరికి చెప్తుంటే సగమే చెప్పినట్టు అయితుంది. అందుకే ఇక్కడ పూర్తిగ రాస్తున్న. జర పొడుగైతది. నీళ్లు పెట్టి గట్టు మీద కూసున్నప్పుడు చదువుకోండి.

మా ఊరు మేడ్చల్‌కు, షామీర్‌పేటకు నడుమ ఉంటది. ఈ పక్కల ఉన్నోళ్లకు చెప్పనక్కరలేదు, దూరం ఊర్లోళ్లకు చెప్తున్న. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ మా దిక్కు ఎటు చూసినా రాతి కడీలు, వాటి మీద తీగలు, ద్రాక్ష పందిర్లే. అనాబ్-ఎ-షాహి అంటే హైదరాబాద్ ద్రాక్షే అన్నంత పేరుండె. తర్వాత థాంప్సన్ సీడ్‌లెస్ వచ్చింది. ఆ తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు, వెంచర్లు వచ్చినయి. బోర్లు లోతుకు పోయినయి, కూలీలు కంపెనీల దిక్కు పోయిండ్రు. మాకు రెండెకరాల పందిరి మిగిలి ఉండె. నాయిన పెట్టిన తోట. అన్నదమ్ముల పంపకాల్ల అది కూడా చేజారింది. ఎవరి మీదా నాకు కోపం లేదు. మొన్న మార్చిల కోసిందే ఆఖరి కోత. ఏటా కోత అయినంక ఏప్రిల్‌ల కత్తిరింపు చేస్తం కదా, ఈసారి కత్తిరింపు లేదు. కడీలు పీకేసిండ్రు.

అందుకే ఆ కోత వీడియో మంచిగ తియ్యాలని నా పట్టుదల. మళ్లీ తీద్దామంటే తోట ఉండదు.

అసలు మొదలు అంతకుముందు అక్టోబర్ కత్తిరింపుల. అప్పటికి ఇదే ఆఖరిదని మాకు తెల్వదు. అమ్మ కత్తెర పట్టుకొని పందిరి కింద నడుస్తుంటే ఫోన్ల వీడియో తీసిన. రాత్రి ఇంట్ల చూస్తే అమ్మ చెయ్యి తోలుబొమ్మ చెయ్యి లెక్క కొట్టుకుంటుంది. ఆకులు గాలికి ఊగుతున్నట్టు లేదు, వణుకుతున్నట్టుంది. ఫోన్ పాతదైందేమో అనుకున్న. పెండ్లిళ్లకు ఫోటోలు తీసే మా బావమరిదికి చూపిస్తే నవ్విండు. "బావా, ఇది ఫోన్ తప్పు కాదు. ఎండ ఎక్కువైంది, షట్టర్ ఉరికింది" అన్నడు.

ఆయన చెప్పింది మన భాషల చెప్తా. వీడియో అంటే సెకనుకు 25 ఫోటోలు. ఒక్కో ఫోటోకు కెమెరా ఎంతసేపు కన్ను తెరిచి ఉంచుతదో అది షట్టర్. 25 ఫోటోల వీడియోకు సెకనుల 50వ వంతు తెరిచి ఉంటే కదిలే చెయ్యి ప్రతి ఫోటోల కొంచెం చెదిరినట్టు పడ్తది. ఆ చెదురే ఒక ఫోటోను ఇంకో ఫోటోకు కలుపుతది, మన కంటికి మెత్తగ కనబడ్తది. మనకు కరెంటు 50 సైకిళ్లది కాబట్టి 1/50 పెట్టుకుంటే షెడ్డుల బల్బు కింద తీసినా వీడియో మిణుకుమనదు. ఇంకో లాభం అది.

మరి ఎండలో ఏమైతది? ఫోన్ లెన్స్ రంధ్రం చాలా పెద్దది, సాధారణంగ ఎఫ్ 1.8 దగ్గర ఉంటది. పైగా తూము షట్టర్ లెక్క దించేటట్టు ఉండదు, ఎప్పుడూ అంతే తెరిచి ఉంటది. లోపలికి వెలుగు వరదలెక్క వస్తది. ఫోన్ ఏం చేస్తది పాపం, కన్ను తెరిచే సమయం తగ్గిస్తది. మిట్టమధ్యాహ్నం సెకనుల నాలుగు వేలవ వంతు, ఎనిమిది వేలవ వంతు దాకా పోతది. ఒక్కో ఫోటో రాయి మీద చెక్కినట్టు ఆగిపోతది. 25 ఆగిపోయిన ఫోటోలు వరుసగ పెడితే చెయ్యి టకటక కొట్టుకోక ఏం చేస్తది?

రంధ్రం చిన్నగ చెయ్యలేం, షట్టర్ తగ్గొద్దు. ఇంక మిగిలింది ఒకటే దారి. వెలుగునే తగ్గించాలె. దానికే ఈ నల్ల అద్దం. ఎన్‌డీ ఫిల్టర్ అంటరు, న్యూట్రల్ డెన్సిటీ. పేరుకు భయపడకండి. మనం టమాట నారుకు కట్టే షేడ్‌నెట్ ఎట్లనో ఇదీ అట్లనే. 50 శాతం నెట్ కడితే సగం ఎండ ఆగుతది, సగం కిందికి దిగుతది. ఎన్‌డీ 2 అంటే అదే. 75 శాతం నెట్ అంటే పావు వంతు దిగుతది, అది ఎన్‌డీ 4. లెక్క ఒక్కటే తిరగేసి ఉంటది. నెట్ మీద ఎంత ఆపుతదో రాస్తరు, అద్దం మీద ఎన్నో వంతు వదుల్తదో రాస్తరు. ఎన్‌డీ 8 అంటే ఎనిమిదో వంతు, ఎన్‌డీ 64 అంటే అరవై నాలుగో వంతు. కొన్ని అద్దాల మీద 0.9, 1.8 అని రాసి ఉంటది. గాబరా పడకండి, 0.9 అంటే ఎన్‌డీ 8, 1.8 అంటే ఎన్‌డీ 64. ప్రతి 0.3కు వెలుగు సగమైతది.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలె. బావమరిది మాట సగం విని, ఆన్‌లైన్‌ల ఆరువందలు పెట్టి తిప్పుకునే ఎన్‌డీ కొన్న. వేరియబుల్ అంటరు దాన్ని. తిప్పితే నలుపు ఎక్కువ, తక్కువ అయితది. ఒక్కదానితోనే అన్నీ అయిపోతయి కదా అని ఆశ. ఆయన దగ్గరి పాత కెమెరా, రెండు లెన్సులు అడిగి తెచ్చుకున్న. కోత మొదటి నాడు పొద్దుగాల నుంచి మూడింటి దాకా తీసిన. ఎండల కెమెరా తెర ఏం కనబడ్తది? నల్లగ ఉందో తెల్లగ ఉందో తెల్వదు. రాత్రి ఇంటికొచ్చి చూస్తే గుండె జారింది. ప్రతి దాంట్ల నడుమ పెద్ద నల్లటి గుణకారం గుర్తు. క్రేట్లు మోసే పిల్లల మొకాల మీద కూడా ఆ నలుపే. ఒక దినం కోత మొత్తం పోయింది. పందిరి మూడో వంతు ఖాళీ అయింది.

ఎందుకట్ల అయిందో తర్వాత తెలిసింది. ఆ తిప్పుకునే దాంట్ల రెండు పోలరైజర్ అద్దాలు ఒకదాని మీద ఒకటి ఉంటయి. ఒకదాన్ని ఇంకోదానికి అడ్డంగ తిప్పితే వెలుగు ఆగుతది. కానీ చివరి దాకా తిప్పితే, అందుట్ల వెడల్పు లెన్స్ మీద, నలుపు అంతటా ఒక్కతీరుగ పడదు, గుణకారం గుర్తు లెక్క పడ్తది. మంచి కంపెనీలది కొంటే చివరికి పోకుండ ఒక ఆపు పెడ్తరు. సగం దాకా తిప్పుకుంటే ఎవరిదైనా నడుస్తది. నేను అత్యాశకు పోయి చివరి దాకా తిప్పిన. మీరు కొత్తగ కొనేటోళ్లయితే నా మాట వినండి, తిప్పుకునేది వద్దు. విడివిడిగ రెండు కొనుక్కోండి. ఎన్‌డీ 8 ఒకటి, ఎన్‌డీ 64 ఒకటి.

ఈ రెండే ఎందుకు? పాత ఫోటోగ్రాఫర్లకు ఒక లెక్క ఉంది. మబ్బు లేని ఎండల ఐఎస్‌ఓ 100, రంధ్రం ఎఫ్ 16, షట్టర్ 1/100 పెడితే ఫోటో సరిగ్గ వస్తది. మీటర్ అక్కరలేదు. మన తాతలు నీడ చూసి టైం చెప్పినట్టే. ఇప్పుడు వీడియోకు షట్టర్ 1/50 కావాలె, అంటే వెలుగు రెండింతలు అయితది. సరిచెయ్యాలంటే రంధ్రం ఎఫ్ 22కు ముయ్యాలె. ముయ్యొచ్చు కదా, అద్దం ఎందుకు అనొచ్చు. మూస్తే రెండు నష్టాలు. అంత చిన్న రంధ్రంల బొమ్మ పదును పోతది, లోపల పడ్డ దుమ్ము నల్ల చుక్కలై కనబడ్తది. ఇంకోటి, దగ్గరిదీ దూరందీ అన్నీ ఒక్కతీరుగ స్పష్టంగ పడ్తయి. మా తోట వెనక దూరంగ ఏముందో తెలుసా? వెంచర్ జెండాలు. ఎర్రయి, పచ్చయి, పసుపుయి, వరుసగ. అమ్మ గుత్తి కోస్తుంటే నెత్తి వెనక ఆ జెండాలు రెపరెపమంటుంటే ఎవరు చూస్తరు అమ్మను?

ఎన్‌డీ 64 పెడితే అదే ఎండల, అదే 1/50ల రంధ్రం ఎఫ్ 2.8 దాకా తెరవొచ్చు. అప్పుడు అమ్మ ఒక్కతే స్పష్టంగ ఉంటది, వెనకది కరిగిపోతది. ఎన్‌డీ 8 పెడితే ఎఫ్ 8 అయితది. పొలం, మనిషి, ట్రాక్టర్ అన్నీ కనబడాలంటే అది బాగుంటది. పందిరి కిందికి పోతే వెలుగు ఎట్లనూ తగ్గుతది, అక్కడ ఎన్‌డీ 64 మరీ చీకటైతది, ఎన్‌డీ 8 సరిపోతది. ఆరుబయట క్రేట్లు ఎక్కించే కాడ 64. నాకు ఈ రెండిటితో అన్నీ అయిపోయినయి.

మా బావమరిది మూడో నాడు సాయంత్రం తన అద్దాలు తెచ్చి ఇచ్చిండు. నాలుగో నాడు మిగిలిన పందిరి తీసిన. మీరు చూసిన వీడియో ఆ ఒక్క నాటిదే.

ఇగ అందరూ పొరబడే సంగతి ఇంకోటుంది. ఎన్‌డీ పెడితే ఎండ గాటు తగ్గుతది, మొకం మీద నల్ల నీడలు పోతయి అనుకుంటరు. పోవు. షేడ్‌నెట్ మొక్క మీద కడ్తం, ఈ అద్దం కెమెరా కన్ను మీద కడ్తం. మొక్క మీద పడే ఎండ పడుతనే ఉంటది. వెలుగు, నీడ రెండూ ఒకే లెక్కన తగ్గుతయి, వాటి మధ్య తేడా అంతే ఉంటది. నాలుగో నాడు కూడా పందిరి సందుల నుంచి ఎండ చుక్కలు అమ్మ మొకం మీద రూపాయి బిళ్లల లెక్క పడ్తనే ఉన్నయి. సగం మొకం తెలుపు, సగం నలుపు. దానికి అద్దం మందు కాదు. అమ్మనే చెప్పింది, "పైన ఏమన్న కట్టరాదుర" అని. పెట్టెల నాయిన పాత ధోతి ఉండె. నాయిన పోయి నాలుగేండ్లాయె, ఆ ధోతి అట్లనే మడత పెట్టి ఉంది. పందిరి తీగలకు నాలుగు మూలలు కట్టినం. కింద వెలుగు పాలలెక్క అయింది. అమ్మ కాసేపు పైకే చూసి, తర్వాత కత్తెర పట్టింది.

రంగు సంగతి కూడా షేడ్‌నెట్‌తోనే చెప్తా. పచ్చ నెట్ కింద నారు ఫోటో తీసిండ్రా ఎప్పుడన్న? ఆకు ఉన్నదానికంటె పచ్చగ పడ్తది. నల్ల నెట్ కింద అట్ల కాదు, రంగు మారదు, వెలుగే తగ్గుతది. 'న్యూట్రల్' అన్న మాటకు అర్థం ఇదే, ఏ రంగుకూ మొగ్గు లేనిది. చవక అద్దాలు పేరుకే న్యూట్రల్. కొన్ని గోధుమ రంగు తేలుస్తయి, కొన్ని పచ్చన, కొన్ని ఎర్రన. వెల్డింగ్ అద్దం ముక్క పెట్టి తీసేటోళ్లు కూడా ఉన్నరు, అది చిమ్మ పచ్చన చేస్తది. ఎక్కువ నలుపు అద్దాలల్ల ఇంకో పేచీ ఉంది. కంటికి కనబడని ఎర్రకింది కిరణాలు కొన్ని ఆగకుండ లోపలికొస్తయి, నల్లబట్ట కూడా ఎర్రమట్టి రంగు తేలుతది. కొనేముందు పరీక్ష సులువు. ఖాళీ యూరియా బస్తా తెల్లది, ఒక నల్ల గొడుగు ఎండల పెట్టండి. వైట్ బ్యాలెన్స్ ఆటోల కాకుండ ఎండ గుర్తు మీద ఆపండి. అద్దం లేకుండ ఒకటి, పెట్టి ఒకటి తియ్యండి. బస్తా తెల్లగ, గొడుగు నల్లగ రెండు ఫోటోల్లనూ ఉంటే తీసుకోండి.

దీంట్ల మన పంటకు సంబంధించిన సంగతి ఉంది. తెగులు ఫోటో తీసి శాస్త్రవేత్తలకో, మందుల దుకాణానికో వాట్సాప్ చేస్తుంటం. దానికి ఎన్‌డీ అస్సలు పెట్టకండి. ఫోటోకు షట్టర్ ఎంత ఉరికినా నష్టం లేదు, పైగా ఆకు ఊగినా పదునుగ వస్తది. ఆకు రంగుల ఏ కొంచెం తేడా వచ్చినా చూసేటోళ్లు ఇనుము లోపం అనాల్నో, ఇంకోటి అనాల్నో తికమక పడ్తరు. ద్రాక్షకు బూడిద తెగులు వస్తే ఆకు మీద తెల్ల పొడి ఉంటది, మిట్టమధ్యాహ్నం ఎండ మెరుపుల ఆ పొడి కనబడనే కనబడదు. మీ నీడ ఆకు మీద పడేటట్టు నిలబడండి, లేకుంటే నల్ల గొడుగు పట్టండి. రంగు గొడుగు వద్దు, దాని రంగు ఆకు మీద పడ్తది. ఇంక మెరుపు పోకుంటే పోలరైజర్ అని వేరే అద్దం ఉంటది, తిప్పితే ఆకు మీద, నీళ్ల మీద మెరుపు తగ్గుతది. వరి మళ్లల్ల నీళ్లు ఎంత లోతున్నయో, అడుగున ఏముందో చూపియ్యాలంటే అది పనికొస్తది. నన్నడిగితే ఫోటోలు మాత్రమే తీసే రైతుకు ఎన్‌డీ కంటె ముందు అదే కావాలె. ఎన్‌డీ వీడియో తీసేటోళ్లకు.

ఒక్క ఫోటోకు మాత్రం ఎన్‌డీ అక్కరకొస్తది. పారే నీళ్లకు. చెరువు అలుగు దుంకుతున్నప్పుడు మామూలుగ తీస్తే నీళ్లు గాజు పెంకులలెక్క పడ్తయి. మా ఊరి చెరువు అలుగు కాడ ఎన్‌డీ 64 పెట్టి, ఎఫ్ 8ల సెకనుల ఆరో వంతు తెరిచిన. నీళ్లు దారాలు దారాలుగ వచ్చినయి. రెండు అద్దాలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎనిమిది అరవై నాలుగుల 512. ఎఫ్ 16ల అయిదు సెకన్లు తెరవొచ్చు. తీసి చూసిన. నీళ్లు పొగమంచు లెక్క అయినయి. పట్నం వాళ్లకు నచ్చుతదేమో, నాకు నచ్చలే. అలుగు అంటే చప్పుడు కదా, ఆ ఫోటోల చప్పుడు లేదు. కెమెరా కదలకుండ స్టాండు కావాలె, గాలికి స్టాండు ఊగకుండ సంచిల ఇసుక పోసి దాని నడుముకు వేలాడదియ్యండి.

ఫోన్‌కు కూడా క్లిప్పు పెట్టి బిగించే ఎన్‌డీలు దొరుకుతయి. మంచి ఎండకు 64 దగ్గరిదే కావాలె. ఆటోల పెడితే లాభం లేదు. ప్రో మోడ్‌ల షట్టర్ 1/50, ఐఎస్‌ఓ ఉన్నదాంట్ల తక్కువది పెట్టి లాక్ చెయ్యండి. ఫోన్ వెనక రెండు మూడు కండ్లుంటయి కదా, మీరు జూమ్ చేస్తే చెప్పకుండ ఇంకో కన్నుకు మారుతది. అద్దం ఒక కన్ను మీద, వీడియో ఇంకో కన్నుతోని. నాకు రెండుసార్లు అయింది.

డ్రోన్లకు కూడా ఎన్‌డీ సెట్లు వస్తయి, కారణం ఇదే. కానీ మన దిక్కు ఒక పక్క దుండిగల్, ఇంకో పక్క హకీంపేట, రెండూ వైమానిక దళం జాగలు. అద్దం కొనేముందు డిజిటల్ స్కై మ్యాప్‌ల మీ పొలం ఏ రంగుల ఉందో చూసుకోండి. కొన్నాక చూసుకుంటే ఇంట్ల పెట్టుకోవాల్సి వస్తది.

ఈ అద్దం పెట్టి సూర్యున్ని మాత్రం చూడకండి. పిల్లలకు కూడా చెప్పండి. గ్రహణం రోజు నల్లగ ఉంది కదా అని కన్ను పెడితే కన్ను పోతది. గ్రహణం చూసే ఫిల్టర్ వేరే, దీనికంటె ఎన్నో వందల రెట్లు ఆపుతది.

సైజు సంగతి. లెన్స్ ముందు కొలత ఎంఎంల రాసి ఉంటది. నా దగ్గర ఉన్న రెండిట్ల ఒకటి 58, ఇంకోటి 49. రెండిటికీ వేరే వేరే కొనకుండ, నేను 67 సైజుల రెండు అద్దాలు కొన్న, రెండు రింగులు కొన్న. బావమరిదివి ఆయనకు ఇచ్చేసిన. పెద్ద సైజు కొంటే రేపు లెన్స్ మారినా రింగు మారిస్తే చాలు. ఎండకు రింగు బిగుసుకుపోయి రాకుంటే ప్లయర్ పెట్టకండి, పగుల్తది. పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తిప్పండి, వస్తది. మందు కొట్టిన చేతులతో ముట్టకండి, చొక్కాతోని తుడవకండి. ముందు దుమ్ము ఊది, అప్పుడు బట్ట. ఎండల తెర కనబడకుంటే నెత్తి మీద, కెమెరా మీద కలిపి తువ్వాల కప్పుకోండి. అందరూ నవ్వుతరు, నవ్వనియ్యండి. నేను మొదటి నాడు ఆ పని చేసి ఉంటే ఒక దినం మిగిలేది.

ఆ రాత్రి వీడియో టీవీల పెట్టి అమ్మకు చూపించిన. చెయ్యి చూసుకుంది. గుత్తి తొడిమ పట్టే తీరు, కత్తెర పెట్టే తీరు, ఎండిన పండ్లు గిల్లి పారేసి క్రేటుల పెట్టే తీరు, అన్నీ మెత్తగ ఉన్నయి. వెనక కరిగిపోయిన జెండాలు ఎర్రగ, పచ్చగ, పసుపుగ ఊగుతున్నయి. "అవేందిరా, మన తోటల పూలెక్కడియి?" అన్నది. నేనేం చెప్పలే.

అద్దాలు మా ఇంట్లనే ఉన్నయి, విత్తనాల డబ్బాల పెట్టిన, తేమ పట్టదని. తోట లేదు కాబట్టి నాకు రోజూ పని లేదు. చుట్టుపక్కల ఊర్లోళ్లు ఎవరికన్న కోతకో, నాట్లకో, పెద్దోళ్ల పని వీడియో తీసుకోడానికో కావాలంటే వచ్చి తీసుకపోండి. మీ లెన్స్ సైజు చూసుకొని రండి, 49కి, 58కి రింగులున్నయి. తుడిచే బట్ట కూడా ఇస్తా. వానకాలం నాట్లు మొదలుకాకముందు తెచ్చియ్యండి. మా చిన్నమ్మ ఈసారి నాట్లకు వస్తా అన్నది, ఆమె పాట రికార్డు చెయ్యాలె.